మధ్యాహ్నం సూది

“అమ్మమ్మా, మా చిన్నోనికి బడిల మధ్యాహ్నం మందు ఎవరేస్తరని ఒకటే పరేషాన్. మీ నిత్యకు మీరెట్ల చేసిండ్రు?” అని పై ఇంట్ల కిరాయికుండే స్వాతి అడిగితే, మారేడ్‌పల్లిల కూతురింట్ల ఉండే బాలమణమ్మ చెప్పిన ముచ్చట.

అట్ల నిలవడే ఇంటవా? కూసో బిడ్డా. ఆ బట్టలు పక్కకు జరుపు. ఆఁ.

మా నిత్య అప్పుడు ఒకటో తరగతి. కాదు కాదు, ఒకటోది అప్పుడే షురూ అయింది. పోరి ఊకె నీళ్లు తాగుడు, ఊకె ఒంటికి పోవుడు. చిక్కి పుల్లలెక్క అయింది. ఎండలకేమో అనుకున్నం. ఒకనాడు లేపితే లేవలే, దవాఖానకు ఉరికినం. షుగరన్నరు. ఏందమ్మా, ఇంత పోరికి షుగరేంది, మిఠాయి సుత ఎక్కువ తినదంటి. డాక్టరమ్మ నా చెయ్యి పట్కొని, “మీరేదో పెడితే వచ్చింది కాదమ్మా, పిల్లలకొచ్చే షుగర్ వేరే. సూది మాత్రం తప్పది” అన్నది. మా కవిత, నా బిడ్డ, ఆడనే సూది ఇచ్చుడు నేర్చుకున్నది.

పొద్దుగాలది, రాత్రిది తల్లే ఇచ్చేది. మధ్యాహ్నం అన్నానికి ముందుది ఎవరియ్యాలె చెప్పు? కవితది బ్యాంకు నౌకరి. అల్లునిది ఊర్లు పట్కొని తిరిగే పని. బడిల అడిగితే పెద్ద మేడం, “సూది మేం ముట్టమమ్మా, ఏమన్నయితే ఎవరు జవాబు చెప్పాలె? మీ ఇంట్ల నుంచే ఎవరన్న రాండ్రి” అన్నది. ఎవరన్న అంటే ఇంగెవరు, నేనే.

నాకా, సూదంటే చిన్నప్పటి సంది భయం. మా కాలంల ఏముండె, కంపౌండరు గాజు సీసల ఎర్రమందు పోసి, పక్కకు కాగితం కత్తిరిచ్చి అతికిచ్చేటోడు. ఒక గీత దాక తాగాలె, మల్ల మాపటికి ఇంకో గీత. మా తమ్ముడు చేదని తాగకపోయేది, నేను ముక్కు మూసి పోస్తుంటి. గంతే నాకొచ్చిన వైద్యం. గసొంటిదాన్ని, దవాఖానల నర్సు నా ముందట బత్తాయి పెట్టి, దీనికి పొడువు పెద్దమ్మా అన్నది. నా చెయ్యి గజగజ వణుకుడు. బత్తాయికేం నొస్తది గని, దాని జాగల పోరిని చూస్తున్న కదా నేను.

గట్ల నేర్చుకున్న. చల్లగుండే చిన్న సంచిల సూది పెట్టుకొని, వేలు గుచ్చి షుగర్ జూసే మిషిని, గ్లూకోజ్ పొడి, నీళ్ల సీసా అన్నీ సదురుకొని నడుసుకుంట పోతుంటి. బడిల మెట్ల కింద ఒక జాగ ఇచ్చిండ్రు, విరిగిన బెంచీలు పెట్టుకునే కాడ. ఆడనే సూది, ఆడనే తిండి. సూది పడ్డంక కడుపునిండ తినకపోతే షుగర్ పడిపోతది, తెల్సు కదా. అందుకని నా ముందటనే తినిపిస్తుంటి. మిగిలిన పిల్లలంత పెద్ద రూముల కలిసి కూసోని, నవ్వుకుంట తినేది. వాళ్ల నవ్వులు మాకు ఇనొస్తుండె. “సూదమ్మమ్మ వచ్చింది” అని ఒకల్లిద్దరు అనేది. నిత్య, “అమ్మమ్మా, కొంగు అడ్డం పట్టు, ఎవరికి కనపడొద్దు” అంటుండె.

అది అయినంక కూడ నేను ఇంటికి పోకపోయేది. గేటు బయట నీడకు కూసుంటుంటి. ఇంటికొచ్చి ఏం జెయ్యాలె? తాళం తీస్తే గోడలే. మీ తాత పోయినంక బన్సీలాల్‌పేట్ల ఇల్లు ఇడిసి బిడ్డ దగ్గరికొస్తి. ఆడ మా గల్లీల పొద్దున లేస్తే ఎవరో ఒకరు పిలిచేది, ఏం కూర అక్కా అని. ఈడ అన్ని తలుపులు మూసే ఉంటయ్. బిడ్డ మంచిదే, అల్లుడు మంచోడే. మాట్లాడేటందుకే వాళ్లకు టైము దొరకది. బడికాడ కూసుంటే పిల్లల లొల్లన్న చెవుల పడ్తది కదా.

ఇగ ఆరోజు... ఆటల పోటీలున్నయట, ప్రాక్టీసు. సూదిచ్చిన. పోరి సగం తిన్నది. “అమ్మమ్మా, పిలుస్తున్నరు, మల్ల తింట” అని డబ్బ ఆడనే పెట్టి ఉరికింది. ఆగే పిల్లా అంటె ఆగితేనా! డబ్బ మూసి గేటు బయటకొస్తి. గేటు సందుల నుంచి చూస్తున్న. అందరితోని ఉరుకుతున్నది, జెరసేపటికి ఎనకవడ్డది. అటిటు తూలింది. కిందనే కూసున్నది. ఆటల సారు, “నాటకాలొద్దు, లే” అంటున్నడు. పాపం, ఆయనకేం తెల్సు.

వాచ్‌మెన్ అడ్డమొస్తే, “జరుగు నాయనా” అని దొబ్బుకుంట పోయిన. నేనెన్నడు ఎవర్ని గట్ల దొబ్బలే బిడ్డా. పోరి ఒళ్లంత చెమట, పెదవులు వణుకుతున్నయ్. నన్ను జూసింది. చూసి... ఎవరో అన్నట్టు జూసింది. నా బిడ్డ బిడ్డ నన్ను గుర్తువట్టలే. గ్లూకోజ్ నీళ్లల్ల కలిపి, మింగు తల్లీ, మింగు అని గుటక గుటక తాపిన. మింగింది. నేనట్ల ఒళ్లె పెట్టుకొని చూస్తనే ఉన్న. కొంచెంసేపటికి కండ్లల్లకు సూపొచ్చింది. “అమ్మమ్మా, ఆకలైతుంది” అన్నది. ఆ మాటకు నేను ఆడనే ఏడ్చిన.

వాళ్ల క్లాసు టీచరు సునీత మేడం ఉరికొచ్చింది. విజయవాడ దిక్కు పిల్ల. నా పక్కన మట్టిలనే కూసోని, “అమ్మమ్మగారూ, నాకు నేర్పించండి. ఈరోజు మీరు గేటు దగ్గర లేకపోతే ఏమయ్యేది?” అన్నది. ఆమె సుత ఏడుస్తున్నది. పెద్ద మేడం దగ్గరికి ఆమెనే పోయి కొట్లాడింది. డాక్టరమ్మ సుత బడికొచ్చి అందరికి చెప్పింది, షుగర్ పడిపోతె ఎట్లుంటది, ఏమియ్యాలె అని. నేను సునీత మేడం ముందట బత్తాయి పెట్టిన. ఆమె చెయ్యి నా చెయ్యి లెక్కనే వణికింది.

ఇగ తెల్లారి నుంచి, సూది నేనే ఇస్తాను, మీరు రానవసరం లేదు అమ్మమ్మగారూ, రెస్ట్ తీసుకోండి అన్నది. మంచిదే కదా? మంచిదే. గని మధ్యాహ్నమయ్యేసరికి చీర మార్చుకొని, తల దువ్వుకొని, చెప్పులేస్కొని లిఫ్టు కాడిదాక పోయిన. అప్పుడు యాదికొచ్చింది, ఎటు పోతున్న నేను అని. మల్ల లోపలికొచ్చి కూసున్న. అన్నం సుత తినబుద్ధి కాలే. ఇప్పటికి కూడ ఆ టైముకు ఒళ్లు ఉండబట్టది.

నిత్య సాయంత్రమొస్తే అడిగిన. ఏమే, నేను రాకపోతె నీకు బాగనిపిస్తదా అని. సంచి ఇసిరేసి ఏమన్నదో తెల్సా? “అమ్మమ్మా, నేనిప్పుడు అందరితోని కూసోని తింటున్న! కావ్య నాకు పప్పు పెట్టింది, నేను దానికి బెండకాయ పెట్టిన.” మొకమంత ఎలుగు. నేను దాని తల నిమిరి, మంచిగ తిను తల్లీ అన్న. అని వంటింట్లకు పోయి, నల్ల తిప్పి నీళ్లు ఇడిసి, ఆడనే నిలవడ్డ. దుఃఖమా అంటె దుఃఖం కాదు. ఏమో మరి. ఏదో.

నీకు చెప్పేదేందంటే, పెద్ద మేడంతోనే కొట్లాడుకుంట కూసోకు. వాని క్లాసు టీచర్ని పట్టుకో. భయపడ్తది, భయపడనీ. పక్కన కూసోని నేర్పు. మీ చిన్నోడు మంచిగైతడు బిడ్డా. మందు మందే, ఆట ఆటే. పదిమందిల కూసోని తిని, ఎదిగి, నీ భుజం దాటి పోవాలె వాడు. నువ్వు సల్లగుండాలె.

లేస్తున్నవా? వాని బస్సు టైమయిందా... చాయ్ పెడ్దమనుకుంటి, తాగకనే పోతున్నవ్. సరే పో, పిల్లగాడు ఎదురుచూస్తడు.

తలుపా? వెయ్యకు. తెరిచే ఉండనీ.