ఆ రెండు చుక్కల పాలు

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న కోడలు, కొంగుతో కుడి కన్ను ఒత్తుకుంటున్న అత్త మాట్లాడుకుంటున్నారు.

“గింత దానికి పెద్ద దవాఖాననా? సెరుకు కొడ్తుంటె ఆకు గీసింది, గంతే. నీ పాలు రెండు సుక్కలు పిండరాదే, సల్లబడ్తది.”

“నాతోని కాదు అత్తమ్మా. పోయినేడు నీ ఎడమ కంట్ల గట్లనే పిండిన.”

“నేను అడిగితెనే పిండినవు గదనే.”

“నాలుగు దినాలు పిండిన. కన్ను తెల్లగయ్యి సూపు పోయింది. మొదటి దినమే తెస్తే దక్కేదని డాక్టరన్నడు.”

“గా డాక్టరుకు నోరెక్కువ.”

“పిల్లకు పాలు పట్టినప్పుడల్లా నాకు గా తెల్ల కన్నే కండ్లల్ల మెదుల్తది.”

అత్త కొంగు తీసేసరికి, కుడి కన్ను ఎర్రగా ఉబ్బి ఉండడం కోడలు చూసింది.

“నిజం సెప్పు అత్తమ్మా. గిది గీసింది ఇయ్యాల్నేనా?”

“…మొన్న.”

“మొన్ననా! ఎందుకు సెప్పలే?”

“సెప్తే నువ్వు గిట్ల ఏడుస్తవని.”

“ఇప్పుడెట్లుంది? మంచిగ కనబడ్తుందా?”

“పిల్లను ఇటియ్యి, జర ఎత్తుకుంట.”

“కన్ను నొస్తుంది గద నీకు?”

“గందుకే ఇయ్యి. దవాఖాన వచ్చేదాంక దాని మొఖం సూసుకుంట.”