వెనుక ఇంజనుకు చోటు చూపిన ఇందుమతి గారు

1971 జూన్ 14, సోమవారం నాడు శ్రీమతి ఇందుమతి గారు వేలూరు తొరపాడిలోని మన సంస్థ ధ్వని విభాగంలో సాంకేతిక సహాయకురాలిగా ప్రవేశించారు. గుడియాత్తం నుంచి బస్సులో వచ్చి, నలిగిన కుచ్చిళ్ళు గేటు దగ్గర సవరించుకుని, “లౌడ్‌స్పీకర్లు చేసేది యాడప్పా?” అని కాపలాదారును అడిగి లోపలికి నడిచిన ఆ ఇరవై నాలుగేళ్ళ యువతి, ఈ 2004 జూలై 31న అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. తమిళ బడుల్లో చదివిన మనలో సగం మందికి తెలుగు మాట వచ్చును గాని లిపి రాదు కనుక, ఈ వ్యాసాన్ని శివప్రకాశం గారు సభలో చదివి వినిపిస్తారు. ధ్వనికే జీవితాన్ని అంకితం చేసిన వారిని గురించి చెవులారా వినడమే న్యాయం.

వారి తండ్రి పాపన్ మేస్త్రి గారు గుడియాత్తంలో పేరున్న కట్టుబడి పనివారు. ఆయనకు అన్నం క్యారియరు తీసుకెళ్ళే ఈ చిన్నారి, తలుపులు బిగించని కొత్త గదుల్లో తన పేరు తానే పిలుచుకుని, ఏ గోడ బదులు పలుకుతుందో వింటూ, క్యారియరు సంగతి మరిచిపోయేదట. కూలివాళ్ళు నవ్వినా మేస్త్రి గారు మాత్రం నవ్వలేదు. కూతురిని రేడియో సాంకేతిక విద్యలో డిప్లొమా చదివించారు. ఆ రోజుల్లో తమ బంధువర్గంలో ఒక ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టడం సామాన్యమైన విషయం కాదని ఆమె భర్త, రైతుకుటుంబీకులు గోవిందరాజులు గారు గర్వంగా చెబుతుంటారు. తమ పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురే మైకుసెట్టు వాడిని పిలిపించి కూత తగ్గించమన్న సంగతిని కూడా ఆయన అంతే గర్వంగా చెబుతారు.

తొలి ఇరవై ఏళ్ళు ఇందుమతి గారి సేవ బహిరంగ సభలకూ, ఆర్కాడు, నెమిలి ప్రాంతాల ఉత్సవాలకూ అవసరమైన ధ్వనివర్ధకాల తయారీలో గడిచింది. పెద్ద మైదానంలో దూరంగా ఉన్న కొమ్ము స్పీకర్లు వేదిక దగ్గరి కొమ్ములతో పాటే మోగితే జనానికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. అందుకని దూరపు కొమ్ములకు శబ్దాన్ని రెప్పపాటు ఆలస్యంగా పంపే పెట్టె ఒకటి మనవాళ్ళ దగ్గర ఉండేది. అలా ఆలస్యంగా పంపడాన్ని విభాగంలో అందరూ ‘వెనక పెట్టడం’ అనేవారు. తరువాతి కథ అంతా ఈ మాట మీదనే నడిచింది.

1991 తరువాత దేశపు ద్వారాలు తెరుచుకున్నాయి. విదేశీ సంగీత పరికరాలు వేలూరు బజారు నిండా వచ్చి కూర్చున్నాయి, మన లౌడ్‌స్పీకర్లను అడిగే నాథుడు లేకపోయాడు. యాజమాన్యం సాహసించి, విమాన చోదకులకు నేల మీదనే శిక్షణనిచ్చే సిమ్యులేటర్ల తయారీకి పూనుకుంది. ఇందుమతి గారు నలభై ఐదేళ్ళు దాటిన వయసులో విమానాశ్రయాల చుట్టూ తిరిగి ఇంజన్ల ధ్వనులను సేకరించారు. మొదట చేసిన సిమ్యులేటర్లన్నీ ముక్కున ఇంజను ఉన్న విమానాలవి. ముందు పలక కింద స్పీకరు పెట్టెను బిగిస్తే పని ముగిసేది.

1996లో ఒక విమాన శిక్షణాలయం కోరిన యంత్రం వేరు. ఆ విమానానికి ఇంజనూ పంకా రెండూ చోదకుని వీపు వెనుక ఉంటాయి. సీటు వెనుక చిన్న స్పీకర్లకే చోటుంది. ఇంజను బరువును వినిపించే పెద్ద పెట్టె ముక్కు భాగంలో తప్ప ఎక్కడా పట్టలేదు. చిన్నవి మాత్రమే మోగిస్తే విమానం కుట్టుమిషనులా పలికింది. రెండూ మోగిస్తే ముందరి అద్దానికి తగిలిన శబ్దంతో కలిసి మొత్తం మోత ముందు నుంచే వచ్చింది. పరీక్షకు వచ్చిన శిక్షణాలయ ప్రధానాచార్యులు జానకిరామన్ గారు కళ్ళు మూసుకుని కూర్చుని, “ఇంజను నా మోకాళ్ళ ముందర ఉండాదమ్మా. ఇట్ల నేర్చుకున్న పిల్లోడు నిజం విమానంలో వెనక మోత విని బెదిరిపోతాడు” అన్నారు. వారం గడువిచ్చి వెళ్ళారు.

యాజమాన్యం ఆ సాయంత్రమే తేల్చి చెప్పింది. ఈసారీ తప్పితే విదేశాల్లో తయారైన ధ్వనియంత్రాన్ని తెప్పిస్తారు, ధ్వని విభాగాన్ని మూసివేసి అందరినీ గోడౌనుకు మారుస్తారు. ఇందుమతి గారు ఆ వారమంతా సరిగా భోజనం చేయలేదు. తన ఉద్యోగం పోదని ఆమెకు తెలుసు. తన చేతి కింద పని నేర్చినవారు అట్టపెట్టెలు మోస్తారన్న తలపే ఆమెను నిలవనీయలేదు.

గడువుకు ముందురోజు, ఇక బరువు పోయినా సరే, పెద్ద పెట్టె తీగను వెనుక స్పీకర్లకే కలిపివేద్దామని నిశ్చయించుకున్నారు. బస్సుకు వేళవుతుండగా మెట్ల మీద నుంచే, తీగల పనిలో తమతో పాటు తలపండిన జయరాములు గారికి “ముందర పెట్టెలో సౌండు వెనక రావాల, జయరాములన్నా” అని చెప్పి వెళ్ళిపోయారు.

మరునాడు ఉదయం వచ్చి చూస్తే పెద్ద పెట్టె ఉన్నచోటే ఉంది, తీగ ఉన్నచోటే ఉంది. మూలన దుమ్ముపట్టిన ఉత్సవాల ఆలస్యపు పెట్టె మాత్రం దాని మీదకెక్కి కూర్చుంది.

“మీరే గదమ్మా వెనక రావాలంటిరి. వెనక పెట్టినాను” అన్నారు జయరాములు గారు.

“నేను చెప్పింది వీపు వెనక, నాయనా!”

తప్పు చూపించడానికే ఆమె సీటులో కూర్చుని ఇంజను ఆన్ చేయమన్నారు. మోత మొదలైంది. ఇందుమతి గారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు. ఇరవై ఐదేళ్ళుగా శబ్దాలతో కాపురం చేసిన మనిషి, వెనుక నిజంగా ఇంజను ఉందేమోనని చూశారు!

కారణం ఆమెకు వెంటనే తట్టింది. ఒకే శబ్దం రెండు వైపుల నుంచి వస్తే, మన చెవి మొదట అందినదాని వైపే చూస్తుంది. వెనుక స్పీకరు ఒక పిసరు ముందు పలికింది కనుక మోత అంతా వెనుకదే అయింది. ముందరి పెట్టె తన ఉనికి చెప్పకుండా బరువు మాత్రం మోసింది. ఆలస్యం మరీ ఎక్కువైతే మోత రెండుగా చీలుతుంది, మరీ తగ్గితే ఇంజను మళ్ళీ ముందుకొస్తుంది. ఆమె కళ్ళు మూసుకుని చెబుతుంటే జయరాములు గారు మీట తిప్పుతూ, మధ్యాహ్నానికి దానిని కుదిర్చారు.

సాయంత్రం జానకిరామన్ గారు కూర్చున్నారు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించారు. “ఇప్పుడు వెన్నుకు తగలతా ఉండాది” అన్నారు. విభాగం నిలిచింది. దీనిని తన సిద్ధాంతంగా చెప్పుకోమని పైవారు సలహా ఇచ్చినా ఇందుమతి గారు ఒప్పుకోలేదు. ఎవరు అడిగినా జయరాములన్న పొరపాటు, తన అదృష్టం అనే చెప్పారు. ఆ పొరపాటును అదృష్టంగా గుర్తించిన చెవి మాత్రం ఆమెదేనని మనం గర్వంగా చెప్పుకోవాలి.

ఈ సరళీకరణ కాలంలో మనిషి విరమిస్తే ఆ కుర్చీని కూడా ఎత్తివేయడం రివాజైంది. రంగుల విభాగం అలాగే పోయింది, వడ్రంగి విభాగం అలాగే పోయింది. అందుకే ఇందుమతి గారు వీడ్కోలు కానుకలేవీ కోరక, గత ఆరు నెలలుగా యాజమాన్యం గుమ్మం తొక్కుతూ వచ్చింది ఒకే ఒక్క కోరికతో. ఈ వారమే అది నెరవేరింది. ఆ పదవి కొనసాగుతుంది, వారి చేతి కింద పని నేర్చిన దేవకి గారు బాధ్యతలు స్వీకరిస్తారు. ఆ మాట విని దేవకి గారు కంటతడి పెడితే, ఇందుమతి గారు తల నిమిరి, “ఏడవాకమ్మా. దిగిపోయేది నేనే గదా, సీటు కాదు” అన్నారు.

సోమవారం ఉదయం ఇందుమతి గారు గుడియాత్తంలోనే ఉంటారు. తొరపాడిలో ధ్వని విభాగం తలుపు ఎప్పటి వేళకే తెరుచుకుంటుంది, ఇంజను మోగుతుంది. అది తమ పుణ్యమేనన్న తృప్తితో, గోవిందరాజులు గారితో కలిసి, ఆయురారోగ్యాలతో, ఈ వేలూరు సీమలోని చిన్న సవ్వడి కూడా జారిపోని చురుకైన చెవులతో వారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనమందరం మనసారా కోరుకుందాం.