రూతమ్మ గొడుగు

అనకాపల్లిలో ఆ కొత్తింటి ప్రతిష్ఠ కూడిక ముగిసిన మర్నాడు, హాల్లో సోఫా పైన తగిలించిన పెద్ద బొమ్మ ముందు భార్యాభర్తలు నిలబడ్డారు.

"ఏటే ఇది? దగ్గరికెళ్తే అన్నీ రంగు మరకలే."

"ఫ్రాన్సోళ్ల పాత పెయింటింగండీ. కేన్వాసు మీద ప్రింటేసేరు. గుమ్మం కాడ నిలబడి సూడాల."

"అయితే వచ్చినోళ్లందర్నీ గుమ్మం కాడే నిలబెట్టేత్తావా? పద, వైజాగెళ్లి మార్చుకొచ్చేద్దాం."

"ఇంక కుదరదండీ. నిన్న మీరు మేడ మీద బిరియానీ వడ్డిత్తన్నప్పుడు, పాస్టరయ్యగారు దీనికి కూడా ప్రార్థన సేసేసేరు."

"దీనికెందుకే?"

"ఇది బైబిల్లో ఏ కథమ్మా అనడిగేరు. పొలంలో ఆడమనిషుంది కదాని, పరిగె ఏరుకుంతన్న రూతమ్మండి అనీసేను."

"సేతిలో గొడుగెట్టుకునా?"

"అదీ అడిగేరు. ఎండకి నల్లబడిపోద్దని ఆ పొలం ఆసామి బోయజు కొనిచ్చేడని సెప్పేను."

"ప్రభువా! నమ్మేసేరా?"

"కళ్లనీళ్లెట్టుకున్నారండీ. వచ్చే ఆదివారం ఆ గొడుగు మీదే వాక్యం సెప్తారంట."

"సెప్పుకోనీ. నాకేటి?"

"సంఘపెద్ద మీరే కదండీ. ఆ గొడుగు ఏ వచనంలో ఉందో మిమ్మల్ని ఎతికి ఉంచమన్నారు."