గెలుపు ఫ్లెక్స్

ధర్మవరంలో సాయిసుధ నడిపే ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు. హిందూపురం హెవీవెయిట్ బాక్సర్ రాఘవేంద్రకు రేపు సాయంత్రం ఈ ఊళ్లోనే మ్యాచ్. మ్యాచ్ రేపైతేనేం, గెలుపు ఫ్లెక్స్ వేయించడానికి అతని అభిమాన సంఘం అధ్యక్షుడు చంద్రశేఖర్, స్నేహితుడు తిప్పేస్వామి ఇవాళే దిగిపోయారు. ఈ ఇద్దరికీ ఒక్క నిమిషం పడదు, ఒకరు లేకుండా ఒకరికి పొద్దూ పోదు.

“‘వరుసగా పదో విజయం’ అని పెద్దగా వెయ్యక్కా. ఎర్ర రంగులో.”

“పదోది రేపు కదన్నా ఆడేది?”

“ఆడేది రేపే. గెలిచేది ఎప్పుడో ఖాయమైపాయె.”

“అదేరా చంద్రా నా ఏడుపు! ఖాయమైనదానికి మళ్లీ ఆడేదెందుకు?”

“తిప్పేస్వామీ, నువ్వు అభిమానివా, పగోనివా?”

“అభిమానినే. అందుకే కడుపు మండుతాండాది. వాడు ఏరి ఏరి ఎవుర్ని కొడతాండాడు? రొళ్లలో వచ్చినోడు గంట కొట్టకముందే కూలబడె. బత్తలపల్లిలో వచ్చినోడు భుజానికి సంచి తగిలించుకొని వచ్చె, రెండు దెబ్బలు తినె, నాలుగ్గంటల బస్సుకు పాయె!”

“మెల్లగా పైకి రావల్లప్పా. బడికి పోతే ఒకటో క్లాసులో కూసుంటామా, నేరుగా పదిలో కూసుంటామా?”

“తొమ్మిదిసార్లు ఒకటో క్లాసే చదివేటోన్ని ఏమంటార్రా? పెనుకొండోడు మ్యాచ్‌కు రా రా అని పిలుస్తాంటే మనోడు ఫోన్ కూడా ఎత్తల్యా.”

“ఆ పెనుకొండోని మాట ఎత్తగాకు...”

“అన్నా, రేపొచ్చేటోడు ఎవురు? పేరు వెయ్యల్ల గదా.”

“తాడిమర్రి సంజయ్ అంటక్కా. శెనక్కాయ సేద్యం చేసుకుంటాడంట.”

“బాగా ఆడతాడా?”

“ఆడితే మేమేల పిలుస్తాం? నాలుగు మ్యాచ్‌లు ఓడినాడు. అది చూసే ఏరుకుంటిమి.”

“చూస్తివా అక్కా, నోటితోనే ఒప్పుకునె! ఒరే, మూడు రౌండ్లు ఎదురు నిలబడే మొగోన్ని ఒక్కన్ని చూడల్లని ఉండాదిరా నాకు. మనోడు ఓడినా సరే.”

“తూ, తథాస్తు దేవతలుంటారు! ఈ ఫ్లెక్స్ రేపు రాత్రికి సర్కిల్లో లేయకపోతే హిందూపురంలో నా మొగమెట్ల చూపిచ్చల్ల?”

“సంజయ్ ఫోటో కూడా కావల్ల గదన్నా?”

“కింద చిన్నగా వెయ్యి. యాడన్నా దొరుకుతాదేమో చూడక్కా.”

“నా కాడ ఉండాది లే.”

“నీ కాడ ఎట్లుండాది?”

“ఫ్లెక్స్ షాపన్నా. ఈ చుట్టుపక్కల ఎవురి ఫోటో లేదు చెప్పు? ఇదో, మీ రాఘవేంద్రది ఇది పెడతా. రెండు చేతులూ పైకెత్తి నిండుగా ఉండాడు.”

“అది వద్దక్కా. కుడి చెయ్యొకటే ఎత్తింది పెట్టు.”

“యాల?”

“రేపు గెలిచినాక జనం ఎదురుగా నిలబడతాడు గదా. ఫోటోకూ మనిషికీ పోలిక ఉండల్ల. ఎడం చెయ్యి పైకి లేయదు వానికి.”

“లేయదా! ఎప్పట్నుంచిరా?”

“మెల్లగా తిప్పేస్వామీ... పోయిన నెల జిమ్ములో భుజం పట్టేసె. మందులు మింగుతాండాడు. పెనుకొండోన్ని వద్దనింది అందుకే.”

“నాకు ఒక్క మాట చెప్పకపోతివే!”

“నీకు చెప్తే ఊరంతా దండోరా వేస్తావు.”

“మరి ఈయక్కకు చెప్తాండావే?”

“అక్కకు బాక్సింగ్‌తో ఏం పనిరా?”

“అవునన్నా, నాకేం పని. ఈ పక్కన జాగా మిగిలింది, ఏం వెయ్యల్ల?”

“‘ఒక్క రౌండ్ మొనగాడు’ అని వెయ్యి.”

“ఒక్కటేనా? మూడు రౌండ్లని వేస్తే ఇంకా గొప్పగా ఉంటాది గదన్నా.”

“రెండోది ఎప్పుడాడినాడక్కా వాడు? రెండో రౌండ్‌కు పోతే కొండెక్కిన ముసిలోని మాదిరి రొప్పుతాడు. నేను చూసినాను గదా జిమ్ములో!”

“తిప్పేస్వామీ, ఇంక నోరు ముయ్యి.”

“నేనే ముయ్యల్లనా? భుజం సంగతి చెప్పింది ఎవురు?”

“పోండన్నా, కొట్లాడుకోవద్దండి. రేపు పొద్దున్నకు ఫ్లెక్స్ రెడీగా ఉంటాది.”

“మర్చిపోవద్దక్కా. కుడి చెయ్యి!”

“మర్చిపోతానా అన్నా!”

బైకు చప్పుడు వీధి మలుపు దాటిపోయింది. సాయిసుధ నవ్వు ఆపుకుంటూ ఫోన్ తీసింది.

“ఏమయ్యా, ఇంకా చేన్లోనే ఉండావా? శెనక్కాయకు నీళ్లు మీ నాయన కడతాడులే గానీ, నీ పెండ్లాం మాట ఇను. రేపు రింగులో ఆ రాఘవేంద్రకు ఎడం చెయ్యి లేయదంట. మొదటి రౌండ్ తప్పించుకుంటా చుట్టూ తిరుగు సాలు, రెండో రౌండ్‌కు వాడే రొప్పుతాడంట... ఎవురు చెప్పిరా? వాళ్ల సంఘం అధ్యక్షుడే వచ్చి చెప్పి పాయె, పాపం... నిజమయ్యా, నీ తోడు! ఓడిపోయిన నాలుగూ మర్చిపో. నీ ఫ్లెక్స్ కూడా ఇప్పుడే వేస్తాండా, రెండు చేతులూ పైకెత్తిన ఫోటోతో.”