నెబ్రాస్కా అంతా గులాబీ చేసిన వర్లీన్

మంచు పడుతున్న శనివారం పొద్దున, మా ఊరి హోటల్లో రెండోసారి కాఫీ పోయించుకుని వర్లీన్ మొదలుపెట్టింది. ఆమె స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పెళ్లప్పుడు వదిలేసిన చరిత్ర డిగ్రీని ఇప్పుడు కాలేజీకి వెళ్లి పూర్తిచేస్తోంది. చరిత్ర చదివేవాళ్లయినా ఒక సైన్సు పాసై తీరాలని కాలేజీ రూలు. ఆమెకి మిగిలింది ఆ కెమిస్ట్రీ ఒక్కటే.

"నిన్న ల్యాబులో నేనేం చేశానో అడగరేం? సరే, అడక్కపోయినా చెప్తా. గాజు సీసాలో కాస్త వెనిగర్ పోసి, అందులో ఆ మందు రెండు చుక్కలు వేశాం, దాని పేరు... నాలిక చివరే ఉంది, పోనీ, అదే వస్తుంది. పైన పొడుగాటి గాజు గొట్టం, దానికో చిన్న కుళాయి, తిప్పితే క్షారం చుక్కచుక్కగా సీసాలో పడుతుంది. వెనిగర్ పులుపు విరిగిందో, నీళ్లలా ఉన్నది కాస్తా గులాబీ రంగుకి తిరుగుతుంది. మిగతావాళ్లందరికీ ఏం వచ్చిందనుకున్నారు? చంటిపిల్ల మేజోడు ఉతికి ఉతికి వెలిసిన రంగు! ఉందో లేదో తెలియాలంటే కింద తెల్లకాగితం పెట్టుకుని చూడాలి, పాపం."

"మరి నీకో?" అన్నాడు ఆర్విల్. మొక్కజొన్న రైతు, ఆమె కోతలు వినీ వినీ చెవులు కాయలు కాసినవాడు.

"నాకా! బీట్‌రూట్ కోసినట్టు భగ్గుమంది. సీసా ఎత్తిపట్టుకుంటే ఎదురుబల్ల అమ్మాయి ముఖం ఎర్రబడింది, సిగ్గుతో కాదయ్యా, ఆ వెలుగుకి. మేష్టారు కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెలుగు కిటికీలోంచి బయటపడింది. రోడ్డవతల మంచు గులాబీ, నీళ్ల ట్యాంకు గులాబీ, పాస్టరుగారి గడ్డం గులాబీ!"

"మా ఆవులు?"

"నీవి నల్లవి, బతికిపోయాయి. మీ పక్కింటాయన తెల్లావులున్నాయే, అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక ఒకటే అరుపు. పందులకి మాత్రం ఏమీ కాలేదు, మన పందులు పుట్టుకతోనే గులాబీ కదా. అయితే మాత్రం ఎవరికి తెలుస్తుంది?"

ఆర్విల్ కాఫీ ముక్కులోకి పోయింది. పక్కబల్ల దగ్గర పాన్‌కేకులు తింటున్న మార్వా మాత్రం నవ్వలేదు. ఆవిడ బ్యూటీ పార్లరు నడుపుతుంది. అదే క్లాసులో చదువుతోంది, ల్యాబులో వర్లీన్‌కి జోడీ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దక్షిణానికి పోతున్న అడవిబాతులు ఇదే సూర్యోదయం అనుకుని దారి మధ్యలో వెనక్కి తిరిగాయి. పైన విమానం నడిపేవాడు ఫోను చేసి, పైనొకడు, కిందొకడు, ఇద్దరు సూర్యుళ్లున్నారు, నన్ను ఎవర్ని చూసి దిగమంటారని ఏడుపు. సాయంత్రం చంద్రుడొచ్చాడు, వాడూ గులాబీయే, మా ఇంటి వైపు చెంప కాస్త ఎక్కువ..."

మార్వా ఫోర్కు కింద పెట్టింది. "వర్లీన్, ఆ వెలిసిన రంగే సరైంది. అది కనిపించగానే కుళాయి కట్టెయ్యాలి. నువ్వు కట్టలేదు. ముదురు రంగు వచ్చిందంటే క్షారం ఎక్కువ పడినట్టే. మేష్టారు మనల్ని మంగళవారం మళ్లీ చెయ్యమన్నారు. అదీ పాడైతే నీ డిగ్రీ ఆగిపోతుంది."

వర్లీన్ చెంచాతో కాఫీ కలుపుతూ ఉండిపోయింది. అందులో పంచదార లేదు.

"కళ్లు సీసా మీదే ఉన్నాయి మార్వా," అంది చివరికి. "చెయ్యి కుళాయి మీదే ఉంది. ఆ చేతికి చెప్పాల్సిన మాటే ఎటో పోయింది. ఆ మందు పేరు పోయినట్టే."

"ఫినాఫ్తలీన్. పోతే పోనీ. మంగళవారం చెయ్యి నీది, మాట నాది. నేను 'ఆపు' అంటాను, నువ్వు కట్టెయ్."

ఆర్విల్ గొంతు సవరించుకున్నాడు. "అది సరే, ఆ బాతులేమయ్యాయి?"

వర్లీన్ తల ఎత్తింది. "బాతులా! తిన్నగా వచ్చి ఈ హోటలు కప్పు మీదే వాలాయి, ఒక్కోటి దూడంత, ఆ బరువుకి కప్పు వంగి, వంటాయన పెనం వదిలేసి పరుగో పరుగు, ఆ తర్వాత ఏమైందో తెలు..."

"ఆపు," అంది మార్వా.

వర్లీన్ నోరు టక్కున మూసుకుంది. ఆర్విల్ కప్పు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇంతవరకూ ఆ నోరు ఎవరు ఆపమన్నా ఆగింది లేదు.

"అదే గొంతు," అంది వర్లీన్. "మంగళవారం అచ్చం అదే గొంతుతో అను."