పైనుంచి మొదటి తప్పు

బస్సు డిపో గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండు బెంచీలున్నాయి. ఒకటి అందరిదీ. రెండోది చార్టు మాస్టారిది. రిటైరై తొమ్మిదేళ్లైనా పదకొండు కొట్టేసరికి వచ్చి దాని ఒక చివర కూర్చుంటాడు, రెండో చివర తన గ్లాసు పెడతాడు. అక్కడ ఎవరూ కూర్చోరు. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో చెప్పే డ్యూటీ చార్టు ప్రోగ్రాం ఆయన చేతుల మీద పుట్టింది. ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

ఆ రోజు డిపో ఆఫీసులో కొత్తగా చేరిన ప్రోగ్రామరు అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అందరి బెంచీ మీద కూర్చుంది. తెర నిండా ఎర్ర అక్షరాలు. టీ చల్లారిపోతున్నా ముట్టుకోవడం లేదు. కొట్టు నడిపే అక్క ఏమైందని అడిగితే చెప్పింది. పాత కంప్యూటర్ని పోయిన వారం తీసేశారు, ప్రోగ్రామునంతా కొత్తదానిలోకి ఎక్కించారు, ఇప్పుడు బిల్డ్ కావడం లేదు. ముక్కలుగా రాసి పెట్టినవన్నీ ఒకచోట చేర్చి నడిచే ప్రోగ్రాంగా కట్టడాన్ని బిల్డ్ అంటారట. పన్నెండింటికల్లా బిల్డ్ కాకపోతే మేనేజరు దీన్ని పక్కన పడేసి, బయటి కంపెనీది తెచ్చి పెడతానన్నాడట.

"ఆ బయటిదాంట్లో నిద్ర రూలు ఉందా?" అన్నాడు పక్కనున్న రిటైర్డు డ్రైవరు.

లేదంది అమ్మాయి. రాత్రి బండి దిగినవాడికి తెల్లారి బండి వేయకూడదన్నదే నిద్ర రూలు. అది ఎందుకు పుట్టిందో డ్రైవరుకి ఒకరు చెప్పక్కర్లేదు. వరసగా రెండు బళ్లు వేస్తే కళ్లు మూతపడి, బస్సుని డిపో గోడలోకి దూర్చింది ఆయనే. ఎడం మోచెయ్యి ఈనాటికీ పూర్తిగా చాపలేడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఎన్ని తప్పులొచ్చాయమ్మా?"

"నాలుగు వందల పన్నెండు, మాస్టారూ."

"నాలుగు వందల పన్నెండా? మా రోజుల్లో దాన్ని పలకరింపు అనేవాళ్లం. విను తల్లీ. డిపోకి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు నేర్పే దిక్కు లేదు. పుస్తకం ఒక్కటుంది. అది మేనేజరు బీరువాలో, బీరువా తాళంచెవి ఆయన జేబులో, ఆయనేమో సెలవులో. మీకు తప్పొస్తే తెరనే అడుగుతారు, అదే చెప్తుంది. మాకు తప్పొస్తే మేనేజరు చెప్పేవాడు, పదిమంది ముందు నిలబెట్టి. తిట్లు తిని నేర్చుకున్నాం మేం. అందుకే ఒంటికి పట్టింది. అప్పుడొకనాడు బిల్డ్ పడిపోయింది. నలభై తప్పులు. అందరూ ఆఖరి తప్పు పట్టుకుని ఏడుస్తున్నారు, ఎందుకంటే తెర మీద అడుగున కనిపించేది అదే కదా. నేను టీ గ్లాసుతో వచ్చాను, తెరని పైకి జరుపుకుంటూ వెళ్లాను, మొట్టమొదటి తప్పు చూశాను. మనం వాడుకునే ముక్కలన్నిటికీ ఒక జాబితా ఉంటుంది, ఏది కావాలి, ఎన్నో వెర్షను, ఎక్కడుంది అని. అందులో ఒక్క అంకె తేడా. మార్చాను. నలభైకి నలభై మాయం. టీ మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. మొదటిదే తప్పమ్మా, మిగతా ముప్పై తొమ్మిదీ దాని సంతానం. పామునైనా తల దగ్గర పట్టుకోవాలి గానీ తోక దగ్గర పట్టుకుంటే ఊరుకుంటుందా?"

అమ్మాయి ఆయన వంక ఓసారి, తెర వంక ఓసారి చూసింది. తర్వాత వేలితో పైకి జరపడం మొదలుపెట్టింది. ఒక్కో తప్పు కింద పదేసి వరసలున్నాయి. ఎంత జరిపినా తల కనిపించడం లేదు.

"ఇది బానే ఉంది మాస్టారూ, నమ్మేలా ఉంది" అంది అక్క, గ్లాసులు కడుగుతూ.

ఆ మాట మాస్టారికి పొడిచినట్టయింది.

"నమ్మేలా ఉందా? ఇంకా మొదలే పెట్టలేదు నేను. ఆ మరుసటేడు ఇంకో బిల్డ్ పడింది. ఈసారి ఎన్ని తప్పులని అడుగు. తెర పట్టలేదు. ప్రింటరుకి పంపాం. అప్పట్లో కాగితం తెగకుండా వచ్చేది, పక్కల చిల్లులతో, ఒకదానికొకటి అతుక్కుని. పొద్దున ఎనిమిదింటికి మొదలైంది ప్రింటరు. తొమ్మిదింటికి కాగితం గుమ్మం దాటింది. పదింటికి మెట్లు దిగింది. పదకొండింటికి ఇదిగో ఈ గేటు దాటి రోడ్డెక్కింది, ఎడమ చేతి వైపున, పద్ధతిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తల పట్టుకోవాలన్నానా, తలేమో ముందు అచ్చయింది, ముందు వెళ్లిపోయింది. సైకిలేసుకుని వెంటపడ్డాను. మొదటి రోజు సాయంత్రానికి ఏడు వేల ఆరొందలో తప్పు దగ్గరికి చేరాను. దారిలో జనం కాగితం మీద బట్టలు ఆరేసుకున్నారు. ఒకాయన మా తప్పుల మీద మిరపకాయలు ఎండబెట్టాడు. రెండో రోజు టైరు పోయింది, నడిచాను. మూడో రోజు సముద్రం వచ్చింది. కాగితం నీళ్ల మీద తేలుతూ సాగిపోతోంది. ఏం చేస్తాను? ఈదాను. తల దొరికింది. చదివాను. ఏముందనుకున్నావు? ఒక కామా తక్కువైంది."

"కామా కోసం సముద్రంలో దిగావా?" అన్నాడు డ్రైవరు.

"చేతిలో పెన్నుంది కాబట్టి బతికాం. లేకపోతే పెన్ను కోసం మళ్లీ వెనక్కి రావాలి."

డ్రైవరు కాసేపు ఆలోచించి, అప్పట్లో నీతో ఇంకొకాయన ఉండేవాడుగా, ఎప్పుడూ గళ్లచొక్కా వేసుకునేవాడు, ఆయనా ఈదాడా అని అడిగాడు. మాస్టారు చెయ్యి ఊపేశాడు. ఉండేవాడు, కుర్చీ చల్లబడకుండా చూసుకోవడానికి, అన్నాడు. ప్రోగ్రాంలో ప్రతి అక్షరం తనదేనని, ఇంకొకడి చెయ్యి పడలేదని అంటూ మళ్లీ అమ్మాయి వైపు తిరిగాడు.

"ముక్కల తగువు చెప్పనా? దానికన్నా వియ్యాలవారి తగువు నయం. మాకు మూడు లైబ్రరీలు కావాల్సొచ్చాయి. లైబ్రరీ అంటే ఎవరో రాసి పెట్టిన ముక్క, మనం అరువు తెచ్చుకుంటాం. మొదటిది అంటుందీ, రెండోది కొత్తదైతేనే నేనుంటానని. రెండోది అంటుందీ, మూడోది పాతదైతేనే నేనొస్తానని. మూడోదానికి మొదటిదాని మొహం చూస్తే పడదు. ఏది మార్చినా ఇంకోటి అలిగి లేచిపోతుంది. మీరైతే ఏం చేస్తారు? అంతా చెరిపేసి మళ్లీ దింపుకుంటారు, అదృష్టం బాగుంటే అయిపోతుంది. నేను అలాంటివాణ్ణి కాదు. ఆ మూడు లైబ్రరీల వాళ్లకీ ఉత్తరాలు రాశాను. ఒకడు కొండ మీదుంటాడు, ఒకడు ఓడ మీదుంటాడు, మూడోవాడికి తను ఎక్కడుంటాడో తనకే తెలియదు. ముగ్గురూ వచ్చారు. ఈ బెంచీ మీదే. కానీ కూర్చోరు! నువ్వు కూర్చుంటే నేను కూర్చుంటానంటాడు ఒకడు, ముందు వాడు కూర్చోవాలంటాడు ఇంకొకడు. మూడు రోజులు నిలబడ్డారు. కాళ్ల కింద గడ్డి మొలిచింది. అప్పుడు నేను వెనక నుంచి వెళ్లి, బెంచీని ఒక్కసారిగా ముందుకి తోశాను. ముగ్గురి మోకాళ్లూ ఒకే క్షణంలో మడతపడ్డాయి. కూర్చున్నారు. అటు లోపల బిల్డ్ అయిపోయింది."

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తన తల్లి నడిపినప్పటి నుంచీ ఈ బెంచీ భూమిలో పాతేసి ఉంది కదా, ఎలా తోశారని అడిగింది. అందుకే పాతేశారు మరి, మళ్లీ ఎవరూ తోయకుండా, అన్నాడు మాస్టారు.

అమ్మాయి నవ్వలేదు. వేలు ఆగకుండా పైకి జరుపుతూనే ఉంది. గోడ గడియారం పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"అసలైంది ఇప్పుడు చెప్తాను" అన్నాడు మాస్టారు. గొంతు కాస్త తగ్గింది. "తేదీ ముక్క. ఏ తేదీ ఏ వారమో, ఎవడు బండి దిగి ఎన్ని గంటలైందో లెక్కగట్టేది అదే. నిద్ర రూలు నిలబడింది దాని మీదే. ఒక్క మధ్యాహ్నంలో రాశాను. ఎంత నిక్కచ్చిగా రాశానంటే, మీట నొక్కగానే రేపటి చార్టు ఇవాళే రావాల్సింది పోయి, నిన్ననే వచ్చి బల్ల మీద కూర్చుంది. ఒక డ్రైవరు చూసుకోకుండా నిన్నటి రోజున రేపటి డ్యూటీ చేసేసి ఇంటికెళ్లి పడుకున్నాడు. బళ్లు ఎంత వేళకి నడిచాయంటే, బయల్దేరకముందే చేరిపోయేవి. ఒకావిడ ఇక్కడ బస్సెక్కి అక్కడ దిగితే, ఇంటి గుమ్మంలో ఇంకా చెప్పులేసుకుంటూ తనే ఎదురైంది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ తర్వాత..."

"మాస్టారూ" అంది అమ్మాయి. "దొరికింది."

"ఏం దొరికింది?"

"పైనుంచి మొదటి తప్పు. మీరన్నట్టే, మిగతావన్నీ దాని పిల్లలే." తెర ఆయన వైపు తిప్పింది. "తేదీ ముక్క కనపడటం లేదట. ఎక్కడ వెతికిందో దారి కూడా రాసింది. చార్ట్‌మాస్టర్ అని ఒక ఫోల్డరు, దాని లోపల గళ్లచొక్కా అని ఇంకోటి."

మాస్టారు తెర మీదికి వంగాడు.

"ముక్కల జాబితా కూడా తెరిచాను. ఈ దారి రాసిన చోట పైన ఒక మాటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు." ఆమె చదివింది, ఒక్కో మాటా విడివిడిగా. "గళ్లచొక్కా రాసిన ముక్క. తాత్కాలికంగా నా ఫోల్డర్లో పెట్టాను. రేపు సరిచేస్తాను." ఆగి, మళ్లీ అంది. "కింద తేదీ ఉంది. ఇరవై మూడేళ్లైంది మాస్టారూ."

డ్రైవరు నేల వంక చూశాడు. అక్క నీళ్ల కుళాయి కట్టేసింది. మాస్టారు బెంచీ చివరున్న తన గ్లాసు కేసి చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిందాంట్లో సముద్రాలు లేవు. ఇద్దరికీ కలిపి ఒకే కుర్చీ ఉండేదట. ఒకడు కూర్చుని కొడుతుంటే ఒకడు నిలబడి చదివేవాడు, గంటకోసారి మారేవాళ్లు. పుస్తకం బీరువాలోంచి తీసింది గళ్లచొక్కానే, మేనేజరు చేత నాలుగు తిట్లు తిని. డ్రైవరు గోడకి కొట్టుకున్న మర్నాడు నిద్ర రూలు పెట్టాలన్నదీ అతనే. మేనేజరు వద్దన్నాడు, బళ్లు చాలవన్నాడు. అయినా ఒక్క మధ్యాహ్నంలో రాసి తెచ్చి చేతిలో పెట్టాడు. దీన్ని నీ ఫోల్డర్లో ఉంచకు, అందరికీ దొరికే చోట పెట్టి జాబితాలో రాయి అన్నాడు. రేపు పెడతానని మాస్టారు మాటిచ్చాడు. ఆ వారమే అతన్ని వేరే డిపోకి బదిలీ చేశారు. రెండేళ్లకి జబ్బు చేసి పోయాడు.

"మొదటి ఏడాది బద్ధకం" అన్నాడు మాస్టారు. "ఆ తర్వాత కదపబుద్ధి కాలేదు. రోజూ పొద్దున బిల్డ్ చేస్తే ఆ పేరు తెర మీద ఒక్కసారి వెళ్లేది. చూసుకునేవాణ్ణి."

ఆ ఫోల్డరు ఇప్పుడెక్కడుందని డ్రైవరు అడిగాడు. అమ్మాయి మొహం పాలిపోయింది. పాత కంప్యూటర్లోనే ఉండాలి, రిటైరైనవాళ్ల ఫోల్డర్లు కొత్తదానిలోకి తేనక్కర్లేదన్నారట. పాతది ఆఫీసు మెట్ల కింద పడేశారు. తుక్కు కొనేవాడు ఇవాళ మధ్యాహ్నం వస్తాడు.

అక్క అప్పటికే గేటు వైపు చూస్తోంది. గేటులోంచి తోపుడు బండి ఒకటి బయటికి వస్తోంది. పైన చిరిగిన బస్సు సీట్లు, వాటి కింద బూడిదరంగు కంప్యూటరు పెట్టె ఒకటి.

"మాస్టారూ" అంది అక్క. "మీ రేపు వచ్చింది. లేవండి."

లేచాడు. గ్లాసు పట్టుకునే రోడ్డు దాటాడు, టీ సగం చొక్కా మీద పోసుకుంటూ. డ్రైవరు చాపలేని మోచెయ్యి పైకెత్తి, గేటు ముందు బస్సుల్ని ఆపినట్టే ఆ తోపుడు బండిని ఆపాడు. సీట్లు దింపారు. పెట్టెని మాస్టారు, డ్రైవరు చెరోవైపు పట్టుకుని తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టారు. అది ఆన్ కావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ మాస్టారు ఒక్క కోత కూడా కోయలేదు. ఫోల్డరు ఉంది. అమ్మాయి తేదీ ముక్కని తెచ్చి అందరికీ దొరికే చోట పెట్టింది, జాబితాలో దారి మార్చింది. ఎర్ర వరసలు ఒక్కటీ రాలేదు. మేనేజరు గదిలోంచి తొంగిచూసేసరికి పన్నెండుకి రెండు నిమిషాలుంది.

పాత మాట చెరిపేయనా అని ఆమె అడిగింది. వద్దన్నాడు మాస్టారు. దాని కిందే ఇంకో వరస రాయించాడు: "ఇవాళ సరిచేశాం. ముక్క మాత్రం గళ్లచొక్కాదే." పక్కన ఆ రోజు తేదీ వేయించాడు.

మర్నాడు పదకొండింటికి అమ్మాయి టీకి వచ్చేసరికి కథ సగంలో ఉంది. తుక్కు బండి వెనక ఎంత దూరం పరిగెత్తాడో చెప్తున్నాడు మాస్టారు. ఇరవై మైళ్లట, ఎదురుగాలిలో.

"ఇరవై అడుగులు" అన్నాడు డ్రైవరు. "అదీ నా భుజం పట్టుకుని."

మాస్టారు కాదనలేదు. బెంచీ చివరున్న గ్లాసు తీసి చేతిలో పట్టుకున్నాడు. అమ్మాయి అక్కడ కూర్చుంది.