బీరువా చుట్టూ తిరిగిన ముసలమ్మ

ఏంటే, మళ్ళీ నవ్వుతున్నావ్? తాతయ్య హాల్లో నడుస్తూ నడుస్తూ ఏమీ లేనిచోట పక్కకి తిరిగి వెళ్తాడనేగా? మీ అమ్మమ్మ కూడా అనేది, "కళ్ళు తెరుచుకుని కలలు కంటారీయన" అని. ఆ టీవీ కాస్త ఆపి ఇలా కూర్చో, చెప్తాను.

నేను సర్వే ఆఫీసులో మ్యాపులు గీసేవాణ్ణి కదా. అప్పుడే కొత్త చట్టం వచ్చింది. అడవిలో తరతరాలుగా ఉంటున్నవాళ్ళకి వాళ్ళు తిరిగే కొండ, తాగే వాగు, మొత్తం తావంతా హక్కుగా రాసివ్వాలని. కాగితాలు లేకపోయినా పెద్దవాళ్ళ మాటే సాక్ష్యం. మా వంతుకొచ్చిన కొండగూడెంలో హద్దులన్నీ తెలిసింది ఒక్క తేనె ముసలమ్మకే. పేరు కాదులే, వయసులో తేనె కోసం ఎక్కని చెట్టు లేదట, అందుకని. మనిషి నీ భుజం దాకా కూడా రాదు, గొంతు మాత్రం అబ్బో! మా ఆఫీసరు ఏదో అడగబోతే "గట్టిగా చెప్పు నాయనా, అన్నం తినలేదా?" అనేసింది. పాపం ఆయన మొహం చూడాలి!

ఎక్కడున్నాను? ఆఁ, గడువు. హద్దుల మ్యాపు ఇవ్వడానికి ఆ శనివారంతో ఆఖరు. వానలకి కొండదారి తెగిపోయింది. సరే, ఆఫీసులోనే కూర్చోబెట్టి చెప్పమన్నాం. కూర్చుంటే ఆవిడకి ఒక్క ముక్క గుర్తు రాలేదు. "కాళ్ళకి తెలుసు గానీ నోటికి తెలీదయ్యా" అని లేచి, కళ్ళు మూసుకుని, గదిలోనే నడక మొదలెట్టింది. "ఇక్కడ రాయి జారుతుంది, మెల్లిగా... ఇదిగో వాగు" అంటూ బట్ట తడవకుండా పైకెత్తి పట్టుకుంది! పాత మ్యాపు పట్టుకుని నేను వెనకాలే. నమ్ముతావో లేదో, ఫ్యాను గాలి చెట్ల కింది గాలిలా తగిలింది నాకు. టైపిస్టమ్మ టైపు ఆపేసింది. గదంతా నిద్రలో ఉన్నట్టుంది. గది మధ్యలో ఇనప బీరువా ఒకటుండేది. ఆవిడ దాని దగ్గర ఆగి, అవతలివైపు నుంచి చుట్టి వచ్చి, మళ్ళీ తిన్నగా నడిచింది. అడ్డముందని తిరిగిందిలే అనుకుని ఆ వంపు వదిలేసి గీత తిన్నగా లాగేశాను. కళ్ళు మూసుకున్న మనిషికి బీరువా ఎలా కనబడింది? ఆ మాత్రం బుద్ధి లేకపోయింది నాకు.

హక్కుపత్రం వచ్చేసింది. ఎండలొచ్చాక హద్దురాళ్ళు పాతడానికి వెళ్ళాం. ఆవిడ ముందు, నేను వెనక. అచ్చం గదిలో నడిచినట్టే. ఒకచోట ఆగి, అలాగే అవతలి నుంచి చుట్టి వచ్చింది. అక్కడ బీరువా లేదే తల్లీ! చిన్న రాళ్ళ కుప్ప ఉంది. వంగి దాని మీద ఆకులు తుడిచి, "నా కూతురు. నాలుగేళ్ళది, జ్వరంతో పోయింది. నన్నూ దీని పక్కనే పెడతారు" అంది. నా గీత ప్రకారం ఆ కుప్ప హద్దు బయటికి పోయింది.

తప్పు నాదేనని చెప్పేశాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అంత గొంతూ ఇంతైపోయి, "సరిచేస్తావుగా నాయనా" అంది. చేస్తానన్నాను. అర్జీ మీద అర్జీ పెట్టాను. "సంతకాలైపోయిన మ్యాపయ్యా, నీకేం పనిలేదా?" అనేవాడు ఆఫీసరు. తొమ్మిదేళ్ళు పట్టింది. సవరణ కాగితం పట్టుకుని నేనే కొండెక్కాను. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్ళట. ఎక్కడ పెట్టారని అడిగితే చూపించారు. గీతకి ఇవతలే పెట్టారు. "బయట పెడితే ఉన్న హక్కు కూడా పోతుందేమోనని భయపడ్డామయ్యా" అన్నారు. కూతురికి నలభై అడుగుల దూరం.

మన హాలు కూడా అంత ఉండదు... ఆ టీవీ పెట్టమ్మా, వార్తలొచ్చే టైమైంది.